తూకానికి అమ్మిన చరిత్ర

చిత్తూరు జిల్లాలోని ఒక చిన్న కళాశాల తన పాత ప్రవేశ రిజిస్టర్లను, వార్షిక సంచికలను, వ్యవస్థాపకుల నాటి చందా పుస్తకాలను పాత కాగితాల వ్యాపారికి తూకానికి అమ్మివేసిన వైనం పాఠకులకు తెలిసిందే. పూర్వ విద్యార్థులు పరుగున వెళ్లి కొన్నింటిని విడిపించుకోగలిగారు. మిగిలినవి ఇక తిరిగి రావు. గది ఖాళీ చేయవలసి వచ్చిందని, చెదలు తిన్న కాగితాలు ఎవరికీ అక్కరకు రావని యాజమాన్యం అంటోంది. గదుల కొరత నిజమే కావచ్చు. కానీ కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఐదవ ప్రమాణం కింద పూర్వ విద్యార్థుల ఘనతను పుటలకొద్దీ ఏకరువు పెట్టిన కళాశాల, ఆ విద్యార్థుల ఆనవాళ్లనే గోతాల్లో కుక్కి పంపడాన్ని ఏమనాలి?

దక్కిన వాటిలో ఒక ప్రవేశ రిజిస్టరును మేము చూశాము. పేరు, ఊరు, తాలూకా, తండ్రి వృత్తి, అంతకుముందు చదివిన బడి, ఒంటిమీది పుట్టుమచ్చలు అన్నీ అందులో ఉన్నాయి. తండ్రి వృత్తి గడిలో సేద్యం, మగ్గం, కూలి అనే మాటలు ఒకే పుటలో కనిపిస్తాయి. కొన్ని పేర్ల పక్కన ‘జీతం మాఫీ’, అంటే ఫీజు మాఫీ, అని ఎర్రసిరాతో రాసి ఉంది. చందా పుస్తకంలోనైతే, రొక్కం ఇవ్వలేని రైతులు వేరుశనగ బస్తాలు ఇచ్చినట్లు పద్దులున్నాయి. శిలాఫలకం మీద పేరు లేని ఆ దాతలకు ఆ పద్దే ఏకైక సాక్ష్యం.

1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు చీల్చి చిత్తూరు జిల్లాను ఏర్పరిచారు. 2022లో అది మళ్లీ చీలింది. ఊళ్ల చిరునామాలే ఇన్నిసార్లు మారిన చోట, ఎవరు ఎక్కడి నుంచి వచ్చి చదువుకున్నారో తేల్చగలిగేవి ఈ రిజిస్టర్లే. 1919లో మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసిన రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారని మనం ఇవాళ గర్వంగా చెప్పుకుంటున్నామంటే, ఆనాటి వారు రాసి దాచినందువల్లనే.

ఇలాంటి రిజిస్టర్లను దాచి ఉంచితే వ్యక్తిగత వివరాలు బయటపడతాయన్న వాదన కూడా వినిపిస్తోంది. పరిశోధన కోసం, భద్రపరచడం కోసం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమే మినహాయింపు ఇచ్చింది. అయినా, గోప్యతపై అంత పట్టింపు ఉన్నవారు ఆ వివరాలను కాగితాల కొట్టుకు ఎలా అప్పగించారు? 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం అక్రమంగా రికార్డులను ధ్వంసం చేస్తే ఐదేళ్ల వరకు జైలు శిక్షను నిర్దేశించింది. అది కేంద్రం పరిధిలోని సంస్థలకే వర్తిస్తుంది గనుక ఇలాంటి కళాశాలలకు ఆ భయం లేదు. భయం లేదు కాబట్టే ఈ తెగింపు. దీన్ని చూసీ చూడనట్లు వదిలేస్తే, రేపు మరో కళాశాల రంగులు వేయించేటప్పుడు ఇదే దారి పడుతుంది; ఆ మరుసటి నెలలోనే వేదికెక్కి తన వారసత్వం గురించి ఉపన్యాసమూ ఇస్తుంది.

మిగిలిన రిజిస్టర్లను వెంటనే స్కాన్ చేయించి, మూలప్రతులను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించాలి. అనుమతి లేనిదే ఏ కళాశాలా పాత రికార్డును అమ్మరాదని కళాశాల విద్యాశాఖ రాతపూర్వకంగా ఆదేశించాలి. అంతవరకు ఆ యాజమాన్యం పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు ఆహ్వానాలు అచ్చువేయడం మానుకోవాలి. పిలవవలసిన వారి పేర్లనే అమ్ముకున్నవారికి ఆ అర్హత లేదు.