వాకింగ్‌కి వెళ్ళమంటే సరిపోదు, పక్కన నడిచే మనిషి కావాలి

పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళు, టైంకి పడుకో, ఫోన్ పక్కన పెట్టు, కాసేపు ధ్యానం చెయ్యి, అన్నీ అవే సర్దుకుంటాయి. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పేవి దాదాపు ఇవే మాటలు, ఇందులో ఒక్కటి కూడా తప్పు మాట కాదు, చెప్పేవాళ్ళు కూడా ప్రేమతోనే చెప్తారు. కానీ మంచం మీంచి లేచి మొహం కడుక్కోడానికే గంట పడుతున్న మనిషి చేతిలో ఈ లిస్టు పెట్టి మనం వెళ్ళిపోతే ఏమవుతుంది? చెయ్యలేడు, చెయ్యలేకపోయానే అని ఇంకాస్త కుంగిపోతాడు, వారం తర్వాత అడిగితే తల దించుకుంటాడు. ఈ జబ్బు ముందు లాక్కునేదే ఆ లేచి నడిచే శక్తిని. అది అర్థం చేసుకోకుండా ఇచ్చిన సలహా ఆ మనిషి మీద ఇంకో బరువు.

సహజ పద్ధతులకి మేం వ్యతిరేకం కాదు. అవి పనిచేస్తాయనే నమ్ముతున్నాం, నమ్మడానికి ఆధారాలు కూడా ఉన్నాయి. 1999లో అచ్చయిన ఒక స్టడీలో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు డిప్రెషన్ ఉన్న 156 మందిని, అందరూ 50 దాటినవాళ్ళే, మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి సెర్ట్రలీన్ అనే మందు, ఒక గ్రూపుకి వ్యాయామం, మూడో గ్రూపుకి రెండూ. 16 వారాలు అయ్యాక చూస్తే మూడు గ్రూపులూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. మొదటి వారాల్లో మందు వేసుకున్నవాళ్ళు తొందరగా తేరుకున్నారు, చివరికి మాత్రం వ్యాయామం వాళ్ళు వాళ్ళని అందుకున్నారు. ఈ స్టడీ గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ అందులో ఒక ముక్క ఎప్పుడూ వదిలేస్తారు, ఆ వ్యాయామం ఎవరింట్లో వాళ్ళు చేసుకున్నది కాదు, వారానికి మూడుసార్లు నలుగురితో కలిసి, నేర్పేవాళ్ళ ఎదురుగా చేసింది.

తిండి విషయం కూడా అంతే. ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా టీం 2017లో ఒక ట్రయల్ ఫలితాలు బయటపెట్టింది, డిప్రెషన్ ఉన్న 67 మందిలో సగం మందికి 12 వారాల పాటు కూరగాయలు, పప్పులు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే తిండి అలవాటు చేశారు, మిగతా సగం మందికి వాళ్ళతో కూర్చుని మాట్లాడే మనిషిని ఇచ్చారు. తిండి మార్చుకున్నవాళ్ళలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, రెండో వైపు 8 శాతమే. చిన్న ట్రయల్, పైగా తాము ఏ గ్రూపులో ఉన్నామో అందులో ఉన్నవాళ్ళకి తెలుసు కాబట్టి ఈ అంకెలని కొంచెం తగ్గించే చూడాలి. అయినా ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది, వాళ్ళకి ఒక కాగితం ఇచ్చి ఇంటికి పంపలేదు, ఒక్కొక్కరితో డైటీషియన్ 7 సార్లు కూర్చున్నారు. ధ్యానం సంగతికొస్తే, యాంగ్జైటీ ఉన్న 276 మందితో చేసిన ఒక అమెరికా ట్రయల్ 2022లో వచ్చింది, 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు ఎస్సిటలోప్రామ్ మందుకి తీసిపోలేదని తేలింది. అది కూడా యాప్ పెట్టుకుని కళ్ళు మూసుకోవడం కాదు, ప్రతివారం టీచర్ ముందు రెండున్నర గంటల క్లాసు, దాని పైన ఇంట్లో రోజూ 45 నిమిషాల సాధన. నిద్రకైతే మందులు లేకుండా, నిద్ర అలవాట్లనీ నిద్ర గురించిన ఆలోచనల్నీ మార్చే ఒక థెరపీ ఉంది, సీబీటీ-ఐ అంటారు, నెలల తరబడి నిద్రపట్టని పెద్దవాళ్ళకి ముందు అదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. మరి నిద్ర పట్టట్లేదని వెళ్తే ఎంతమంది చేతికి ముందు అది అందుతోంది?

మా మాట ఇదే. ఈ పద్ధతుల్లో పనిచేసింది నడక ఒక్కటే కాదు, తిండి ఒక్కటే కాదు, పక్కన ఉన్న మనిషి కూడా. ఈ ట్రయల్స్ దాటి బయటికొచ్చేసరికి మాత్రం మనం ఆ మనిషిని తీసేసి, నడకని ఒక ఉచిత సలహాగా మార్చేసి పేషెంట్ మీదకి తోసేస్తున్నాం.

జింబాబ్వేలో డిక్సన్ చిబండా అనే సైకియాట్రిస్ట్ చేసింది చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. దేశం మొత్తానికి సైకియాట్రిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, అందుకని 2006లో హరారేలో 14 మంది అమ్మమ్మలకి, అంటే అప్పటికే ఆరోగ్య కార్యకర్తలుగా తిరుగుతున్న పెద్దావిడలకి, ట్రైనింగ్ ఇచ్చి క్లినిక్ బయట చెట్టు కింద బెంచీ వేశారు. అక్కడ షోనా భాషలో డిప్రెషన్ అనరు, కుఫుంగిసిసా అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. వచ్చిన మనిషి చెప్పేది ఆ అమ్మమ్మ మొత్తం వింటుంది, అన్ని కష్టాల్లో ముందు ఏ ఒక్కదాన్ని పట్టుకుందామో ఆ మనిషితోనే తేల్పిస్తుంది, ఇలా 6 సార్లు కూర్చుంటారు, ఆ తర్వాత అలా వచ్చినవాళ్ళంతా ఒక గ్రూపుగా కలుస్తూ బ్యాగులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. 573 మందితో చేసిన ట్రయల్ 2016లో అచ్చయింది, 6 నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం అందిన గ్రూపులో సగం మందికి డిప్రెషన్ లక్షణాలు ఇంకా ఉన్నాయి, బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో 14 శాతం మందికే ఉన్నాయి. ఆ పెద్దావిడల చేతిలో ఖరీదైన మిషన్ ఏదీ లేదు, ఉన్నదల్లా ట్రైనింగ్, ఓపిక, మళ్ళీ వారం ఇదే టైంకి ఇక్కడే ఉంటాననే మాట.

ఇక సహజం అనే పదం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఆ పదం చూసే చాలామంది మోసపోతున్నారు. మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని చెయ్యదు అనుకుంటారు. సెయింట్ జాన్స్ వర్ట్ అని పసుపు పూల మొక్క ఉంది, డిప్రెషన్ మీద అది పనిచేస్తుందని 2008లో 29 ట్రయల్స్ కలిపి చూసిన రివ్యూ చెప్పింది, సరే. కానీ మనం వేసుకున్న వేరే మందుల్ని లివర్ కరిగించే వేగాన్ని అదే మొక్క పెంచేస్తుంది, దాంతో గర్భనిరోధక మాత్రలు, గుండె జబ్బువాళ్ళు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వేసుకునే సైక్లోస్పోరిన్, హెచ్‌ఐవీ మందులు, వీటి బలం తగ్గిపోతుంది. డిప్రెషన్ మాత్రలతో కలిపి వేసుకుంటే మెదడులో ఉండే సెరటోనిన్ అనే రసాయనం మోతాదు మించిపోయి ప్రాణం మీదకి రావొచ్చు. ఇంకో వైపు లిథియం చూడండి, బైపోలార్ జబ్బుకి ఇచ్చే మందు, జనం దాన్ని గట్టి కెమికల్ అని భయపడతారు, నిజానికి అది భూమిలో రాళ్ళలో దొరికే లవణం, 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ దాని గుణం గురించి రాశాడు. అంత సహజమైనది కూడా రక్తంలో కాస్త ఎక్కువైతే విషమే, వాంతులు విరేచనాలు అయి ఒంట్లో నీరు తగ్గినా లెవెల్ పెరిగిపోతుంది, అందుకే పరీక్షలు చేయిస్తూ వాడాలి. కాబట్టి ఏది వాడుతున్నా, మొక్కైనా మాత్రైనా, డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. చెప్తే తిడతారేమో అని పేషెంట్లు దాచుకుంటున్నారంటే ఆ తప్పులో డాక్టర్లకి కూడా వాటా ఉంది.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది మాత్రం వాకింగ్ మొదలుపెట్టాను కదా అని మాత్రలు ఒక్కసారిగా ఆపేయడం. తల తిరుగుడు, నిద్ర లేకపోవడం, తలలో కరెంట్ కొట్టినట్టు ఉండటం, చిరాకు, ఇవన్నీ వస్తాయి, జబ్బు మళ్ళీ వచ్చిందో మందు మానడం వల్ల వచ్చిందో ఎవరికీ తెలియని అయోమయం ఒకటి. 2021లో వచ్చిన ఒక బ్రిటిష్ ట్రయల్‌లో ఏళ్ళ తరబడి మాత్రలు వాడుతూ బాగున్న 478 మందిని తీసుకున్నారు, కొందరికి మందు నెమ్మదిగా తగ్గించి ఆపారు. ఏడాదిలో ఆపినవాళ్ళలో 56 శాతం మందికి తిరగబెట్టింది, కొనసాగించినవాళ్ళలో 39 శాతం మందికి. ఇందులో రెండు వైపులా వార్త ఉంది, మానినా బాగానే ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, వేసుకుంటున్నా తిరగబెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. మానాలనుకోవడం తప్పు కాదు, డాక్టర్‌తో కూర్చుని నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. వేసుకుంటూ ఉండటం కూడా ఓటమి కాదు. అలాగే చచ్చిపోవాలనిపిస్తోందని అన్నా, లేనివి వినిపిస్తున్నాయన్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారు కనిపించినా అది వాకింగ్ చెప్పే టైం కాదు, ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

డాక్టర్లకి కూడా ఒక మాట. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి అచ్చం డిప్రెషన్‌లా కుంగిపోతాడు, ఆ రక్త పరీక్షలు చేయించకుండా, నిద్ర ఎలా ఉంది ఇంట్లో ఎవరున్నారు అని అడగకుండా ఐదు నిమిషాల్లో చీటీ రాసి పంపిస్తే దాన్ని సైన్స్ అని మేం ఒప్పుకోం.

కోలుకోవడం అంటే లక్షణాలు పోవడం ఒక్కటే కాదు కూడా. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు మానసిక ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి ఉండిపోయి, ఇక వీళ్ళు మారరు అనిపించుకున్న 269 మందిని 1950ల్లో ఒక పునరావాస కార్యక్రమం కింద బయటికి తెచ్చారు, ఉండటానికి ఇల్లు, చెయ్యడానికి పని, వచ్చి పలకరించే మనిషి, ఇవి ఏర్పాటు చేశారు. మూడు దశాబ్దాల తర్వాత కోర్టెనే హార్డింగ్ టీం వెళ్ళి వెతికి చూస్తే సగం నుంచి మూడింట రెండొంతుల మంది బాగా మెరుగుపడ్డారు, లేదా పూర్తిగా కోలుకున్నారు. మందులు కూడా ఉన్నాయి, ఇల్లూ పనీ కూడా ఉన్నాయి, ఏది ఎంత చేసిందని వేరుచేసి చూడటం కష్టం, వేరు చెయ్యాల్సిన అవసరం కూడా మాకు కనిపించట్లేదు.

ప్రభుత్వాలనీ ఆస్పత్రులనీ మేం అడిగేది పెద్ద కోరిక కాదు. వ్యాయామం, నిద్ర థెరపీ, తోటి పేషెంట్ల గ్రూపు, ఇవి మాట సాయంగా కాకుండా చీటీ మీద రాసే వైద్యంగా ఉండాలి, వారానికి ఎన్నిసార్లు, ఎక్కడ, ఎవరితో అని రాసి ఉండాలి, ఇన్సూరెన్స్‌లో వాటికి లెక్క ఉండాలి, నేర్పేవాళ్ళకి జీతం ఉండాలి. ఆ గ్రూపుకి ఎవరైనా రెండుసార్లు వరుసగా రాకపోతే మూడో రోజు ఫోన్ చేసి ఏమైంది, నేనొచ్చి తీసుకెళ్ళనా అని అడగడం ఒకరి ఉద్యోగం అయి ఉండాలి.