ట్రాన్స్‌ఫర్ కేసు గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ట్రాన్స్‌ఫర్ కేసు గారి దివ్యసముఖమునకు,

విషయం: తమరి నూనె మార్పులో జరిగిన 6 ఏళ్ల జాప్యం గురించి.
సూచిక: మా పోర్టికోలో పడ్డ నల్లటి మరక.

అయ్యా,

ముందుగా మా నాన్నగారి తరఫున క్షమాపణ. మెకానిక్ ఫోన్ చేసి "ట్రాన్స్‌ఫర్ కేసు ఒకసారి చూడాలండి" అంటే ఎత్తింది ఆయనే. జీవితమంతా సర్కారు కొలువులో ఉన్న మనిషి కదా, "ఏ ఊరికి వేశారు? స్టే వచ్చిందా?" అని అడిగారు.

తమరి విలువ నాకూ అంతకంటే ఎక్కువేమీ తెలియదు. బండి పొట్ట కింద, ఎవరి కంటా పడని చోట మీ ఆఫీసు. గేర్‌బాక్సు పంపిన బలాన్ని ముందు చక్రాలకింత, వెనక చక్రాలకింత అని పంచడం మీ కొలువు. నా పాత జిప్సీలో లో గేరు వేస్తే మీ నిష్పత్తి 2.268. అంటే వచ్చిన వేగాన్ని సగానికన్నా తగ్గించి, లాగుడును రెండింతలకు పైగా చేసి పంపుతారు. ఇంత చాకిరీకి మీరు తాగేది లీటరు నూనె కూడా కాదు. అదీ నేను పోయలేదు. గేర్‌బాక్సులో నూనె మార్పిస్తున్నాను కదా, అందులోంచే మీకూ చేరుతుందనుకున్నాను. మీది వేరు కాపురమని నాకెవరు చెప్పారు?

మీ చేత చేయించిన పనులు తలుచుకుంటే సిగ్గేస్తోంది. బండి వెనక 4×4 అని జానెడు స్టిక్కర్ అంటించి 6 ఏళ్లు కూరగాయల మార్కెట్‌కి తిప్పాను. ఒకసారి మా బావమరిది ముందు గొప్పకి పోయి, దిగి ముందు చక్రాల నడుమనున్న హబ్బులు లాక్ చేసి, ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి యూ టర్న్ కొట్టాను. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. ఆ తేడాను సర్దడానికి మధ్యలో డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె లేదు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద ఎక్కడికి జారుతుంది? ఆ బిగింపంతా మీ పళ్ల మీద పడింది. మీరు కిర్రుమన్నారు. "పవర్ అలా ఉంటుంది బావా" అని నేను కోశాను.

ఆ తర్వాత మారేడుమిల్లి వైపు ఒక వాగు. వేడెక్కిన మిమ్మల్ని తీసుకెళ్లి చల్లటి నీళ్లలో ముంచాను. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతే బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా నీళ్లు పీల్చుకుంటారట. ఆ సంగతి మొన్న నూనె దించినప్పుడు తెలిసింది. వచ్చింది నూనె కాదు, బస్టాండు పాల టీ. బిరడాకున్న అయస్కాంతం మీద బూడిద రంగు పేస్టు. మెత్తగా ఉంది, రేకు ముక్కలు లేవు కాబట్టి ఇంకా బతికే ఉన్నారని మెకానిక్ తేల్చాడు.

నూనె దించింది మెకానిక్ కాదులెండి, నేనే. కూలీ మిగిలించుకుందామని ఆదివారం పూట బండి కింద దూరాను. పోసే బిరడా ముందు విప్పాలి, దించే బిరడా తర్వాత. ఈ ఒక్క ముక్క తెలిసిన వాడు బాగుపడతాడు. నేను కిందది ముందు విప్పాను. ఉన్నదంతా కారిపోయాక పైదానికి పానా వేస్తే, కదలనని భీష్మించుకుంది. ఖాళీ కడుపుతో మీరు, కదలని బండితో నేను, రాత్రంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దున మెకానిక్ వచ్చి పానాకి బారెడు పైపు తొడిగి ఒక్క ఊపులో తీశాడు. కూలీ రెట్టింపు తీసుకున్నాడు, న్యాయమే.

కొత్త 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, ఆముదంలా చిక్కగా ఉంది. పై రంధ్రం అంచు దాటి చుక్క కారేదాకా పోయాం. వంటింటి గరాటు వాడిన నేరానికి, ఆ గంధకపు కంపుకి, నన్ను రెండు పూటలు వరండాలోనే ఉంచారు. భోజనం కూడా అక్కడికే వచ్చింది.

ఇట్లు,
తమ విధేయుడు,
జిప్సీ ఓనరు

తా.క.: ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ గార్లు కూడా ఇదే విషయమై అర్జీ పెట్టుకున్నారని తెలిసింది. ఫైలు పరిశీలనలో ఉంది.