రొయ్యను గెలిపించింది ప్రభుత్వం లేకపోవడమేనా?

ఆక్వా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ పదే పదే తిరుగుతోంది. దాని సారం ఇది: రొయ్య రైతుకు ప్రభుత్వం పైసా సాయం చేయలేదు. పిల్ల హేచరీలది (గుడ్ల నుంచి రొయ్య పిల్ల తీసే కేంద్రాలు), మేత కంపెనీలది, చెరువు రైతుది, కొనేది అమెరికా. అందుకే రొయ్య ప్రపంచ మార్కెట్లో గెలిచింది. మద్దతు ధర ఇచ్చి నెత్తిన పెట్టుకున్న వరి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. న్యూజిలాండ్ 1984లో సబ్సిడీలు ఎత్తేసి బాగుపడింది. కాబట్టి మన ప్రభుత్వాలు చేయాల్సిన పని ఒక్కటే, పక్కకు తప్పుకోవడం.

చెరువు గట్టు మీద రాత్రుళ్లు కాపలా కాసే మనిషికి ఈ మాట నచ్చుతుంది. కష్టం అతనిదే, అప్పు అతనిదే, పంట పోతే తల ఎత్తుకోలేనిదీ అతనే. 2024-25లో మన దేశం నుంచి వెళ్లిన ఫ్రోజెన్ రొయ్య 7.4 లక్షల టన్నులు, విలువ 500 కోట్ల డాలర్ల పైమాటే. చెరువుల్లో పండే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. ఆ ఘనత రైతుకు దక్కాల్సిందే. కానీ దాన్ని చూపించి ప్రభుత్వం అక్కర్లేదనడం జరిగిన చరిత్రను చెరిపేయడం. ఇది నమ్మితే రేపు అడగాల్సినవి అడగడం మానేస్తాం. నా పట్టింపు అంతా అక్కడే.

"పైసా సాయం లేదు"

చేతిలో పెట్టిన నోట్లు మాత్రమే సాయం అనుకుంటే ఇందులో కొంత నిజముంది. అయితే ఈ సాగు పుట్టుక చూడండి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల కోసం కేంద్ర వాణిజ్య శాఖ కింద ఎంపెడా 1972లో ఏర్పడింది. 1980ల్లో మన తీరంలో టైగర్ రొయ్య సాగు ఊపందుకునే నాటికి పిల్ల కావాలంటే ఏరుల్లో, కాలువల్లో సన్న వలలతో ఏరుకోవాల్సిందే. హేచరీలో పెద్ద ఎత్తున పిల్ల తీయొచ్చని ఈ తీరంలో చేసి చూపించిన వాటిలో ఎంపెడా విశాఖ దగ్గర పెట్టిన టాస్పార్క్ అనే హేచరీ ముఖ్యమైనది. ప్రైవేటు హేచరీలు ఆ తర్వాత తీరం వెంట వరసగా లేచాయి. ప్రైవేటువాళ్లు పెట్టుబడి పెట్టలేదని నేననను. తొలి మెట్టు మాత్రం ప్రజల డబ్బుతో కట్టిందే.

తర్వాత రెండు దెబ్బలు పడ్డాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ చెరువులను ఊడ్చేసింది. 1996 డిసెంబర్ 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సంప్రదాయ పద్ధతివి తప్ప తీర నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువులన్నీ తీసేయాలని, అదీ 1997 మార్చి 31లోగా జరగాలని ఆదేశించింది. ఆ కేసులో చెప్పిన గోడు అబద్ధం కాదు. పక్క పొలాలకు ఉప్పెక్కడం, బావుల్లో నీళ్లు పాడవడం తీరంలో చాలామంది చూసినవే. ఆ చిక్కుముడి విప్పింది మార్కెట్ కాదు. పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, పోటు గీత నుంచి 2 కిలోమీటర్ల లోపు చెరువులకు రిజిస్ట్రేషన్ పెట్టి, సాగుకు చట్టబద్ధత ఇచ్చింది. ఇవాళ తీరంలో చెరువున్న రైతు దాచుకునే ఆ రిజిస్ట్రేషన్ కాగితం విలువ ఎంతో 1997లో చెరువు గట్టు మీద నిలబడ్డవాళ్లనడగండి, చెబుతారు.

"పిల్ల హేచరీలది"

పిల్ల హేచరీదే. మరి తల్లి ఎక్కడిది? ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ మన సముద్రంలో పుట్టే రొయ్య కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. 2003లో ప్రయోగం కింద కొద్దిమందికి దిగుమతి అనుమతి ఇచ్చారు. దాంతోపాటు పరాయి జాతి రొయ్యతో పరాయి రోగాలు దిగుతాయేమోనని చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి సాగు పరిశోధన సంస్థ సీబా, మరో జాతీయ పరిశోధన సంస్థ కలిసి ముప్పు అంచనా వేశాయి. 2009లో కాని సాగుకు తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. తెరిచినా షరతులు పెట్టారు. వ్యాధులు లేవని ధ్రువపడిన తల్లి రొయ్యలనే తేవాలి, రిజిస్టరైన హేచరీకే ఇవ్వాలి, అంతకుముందు క్వారంటైన్ దాటాలి.

ఆ క్వారంటైన్ చెన్నై నీలాంకరైలో ఉంది, ఎంపెడాకు చెందిన రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం నడుపుతుంది. విమానంలో వచ్చిన తల్లి రొయ్యలను బ్యాచ్‌లవారీగా విడి ట్యాంకుల్లో ఉంచి, తెల్లమచ్చ, టౌరా లాంటి వైరస్‌లకు జన్యు పదార్థాన్ని బట్టి రోగాన్ని పట్టే పీసీఆర్ పరీక్షలు చేస్తారు. తేడా వస్తే ఆ బ్యాచ్ హేచరీ గడప తొక్కదు. ఈ పని ఏ ప్రైవేటు హేచరీకి అప్పగించగలం? తాను లక్షలు పోసి తెచ్చుకున్న సరుకును తానే పారేయాలని ఎవరు తీర్పు చెప్పుకుంటారు? 2009-10లో దేశంలో వనామీ దిగుబడి 2 వేల టన్నుల లోపే. 2020-21 నాటికి 8 లక్షల టన్నులు దాటింది. ఆ ఎదుగుదలకు కాపలా ఉన్నది ఆ ట్యాంకుల దగ్గర.

అదృష్టమూ కలిసొచ్చిందని ఒప్పుకోవాలి. 2012-13లో థాయ్‌లాండ్ చెరువుల్లో రొయ్య పిల్లలు మూకుమ్మడిగా చనిపోయే రోగం వచ్చి అక్కడి ఉత్పత్తి సగానికి పడిపోయింది, అమెరికా కొనుగోలుదారులు మన వైపు తిరిగారు. అయితే వాళ్లు తిరిగి చూసేసరికి మన దగ్గర సరుకు సిద్ధంగా ఉండటానికి కారణం మూడేళ్ల ముందు తీసుకున్న నిర్ణయం.

"కొనేది అమెరికా, మిగతాది మార్కెట్ చూసుకుంటుంది"

ఈ మాట రాసినవాళ్లు పట్టుబడికి ముందు చెరువు దగ్గర జరిగే పని ఒకసారి చూడాలి. విసురు వల వేసి నాలుగు మూలల నుంచీ రొయ్య తీస్తారు. సంచిలో కట్టి, ఐసు పెట్టెలో సర్ది భీమవరంలోనో నెల్లూరులోనో ఉన్న ఎంపెడా ఎలైసా ల్యాబ్‌కు పంపిస్తారు. అక్కడ వెతికేది క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే నిషేధిత యాంటీబయాటిక్ మందుల జాడ. యూరప్ పెట్టిన గీత ప్రకారం కిలో రొయ్యలో నైట్రోఫ్యూరాన్ అవశేషం అర మైక్రోగ్రాము చేరినా సరుకు తిరుగుముఖమే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. క్లోరాంఫెనికాల్‌కు ఇంకా తక్కువ, 0.15 మైక్రోగ్రాములు. యూరప్‌కు వెళ్లే సరుకుకు ఆ ల్యాబ్ కాగితం లేకుండా చెరువు ఖాళీ చేయడం కుదరదు.

ఈ ఏర్పాటు దెబ్బలు తిన్నాక వచ్చింది. 1997లో యూరప్ మన సముద్ర ఉత్పత్తులను శుభ్రత బాగాలేదని ఆపేసింది. 2016లో మన చెరువు రొయ్య కంటైనర్లలో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఇక్కడ కీలకం ఏమిటంటే, యూరప్ ఏ కంపెనీ మాటా వినదు. ప్రతి దేశంలో బాధ్యత వహించే ప్రభుత్వ సంస్థ ఒకటుండాలి, ఏటా అవశేషాల తనిఖీ ప్రణాళిక పంపాలి, దాన్ని వాళ్లు ఒప్పుకుంటేనే ఆ దేశం జాబితాలో ఉంటుంది. మన తరఫున ఆ బాధ్యత ఎగుమతుల తనిఖీ మండలిది. అది తప్పుకున్న మర్నాడు మన రొయ్య యూరప్‌లో దిగదు. ఎక్కడో ఒక చెరువులో వాడిన మందు మొత్తం రాష్ట్రం సరుకు మీద మచ్చ వేస్తుంది. ఒకరి తప్పుకు అందరూ నష్టపోయే చోట కాపలా ఉమ్మడిగానే పెట్టుకోవాలి.

సుంకాల సంగతీ ఇంతే. 2025 ఏప్రిల్ 2న అమెరికా 26 శాతం సుంకం ప్రకటించగానే, ఒక్క కంటైనర్ మీదా అది పడకముందే చెరువు గట్టు మీద కౌంట్ ధరలు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధరలు) జారిపోయాయి. వారంలోనే వాయిదా పడింది. ఆగస్టు చివరికి 50 శాతం అయింది. అమెరికాతో బేరమాడేది రైతు కాదు, హేచరీ కాదు. అదే ఏడాది జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందంలో మన రొయ్య మీద సుంకం ఎత్తేయడానికి వాళ్లు ఒప్పుకున్నారంటే బల్లకు ఇటువైపు కూర్చుని మాట్లాడింది మన ప్రభుత్వం. వియత్నాంకు యూరప్‌తో 2020 నుంచి ఒప్పందం అమల్లో ఉంది, ఈక్వెడార్‌కు అంతకన్నా ముందే ఉంది. అక్కడి మార్కెట్లో మనం వెనకబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. దాన్ని రైతు చేతకానితనం కింద రాయకూడదు.

"సబ్సిడీలన్నీ దండగే"

ఇక్కడ ఆ మెసేజ్‌తో సగం దూరం నడుస్తాను. ఎగుమతిని చూపించి డబ్బిచ్చే పథకాలు ఎదురుతిరుగుతాయి. ఎగుమతిదారులకిచ్చిన పాత ప్రోత్సాహక పథకం మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు (డబ్ల్యూటీఓ) వెళ్లి 2019లో గెలిచింది. దాని బదులు 2021 నుంచి పన్నుల వాపసు పథకం వచ్చింది. 2024లో అమెరికా మన ఎగుమతి రాయితీలను లెక్కగట్టి, మన రొయ్య మీద 5.77 శాతం ప్రతిసుంకం వేసింది. ఈక్వెడార్ మీద, వియత్నాం మీద మనకన్నా తక్కువ. అంటే ఇక్కడ ఇచ్చిన రూపాయిలో కొంత అక్కడి రేవులో కట్టి వస్తున్నాం, ఆ భారం చివరికి చెరువు ధర మీదే పడుతోంది.

కానీ ఇంతమాత్రానికే "అన్నీ" అనడం తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో ఆక్వాకు యూనిట్ రూపాయిన్నరకు కరెంటు ఇచ్చారు. అది దండగో కాదో వనామీ చెరువు దగ్గర తెల్లవారుజామున మూడింటికి తెలుస్తుంది. ఆ వేళకు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, జనరేటర్ అందుకోకపోతే రొయ్య పైకి తేలి గట్టు వారకు చేరుతుంది. ఇంకాసేపు అలాగే ఉంటే మూడు నెలల మేత ఖర్చు అడుగున చచ్చి పడుంటుంది. నన్నడిగితే, ఆ రాయితీ పెద్ద కమతాలకు పోకుండా చిన్న రైతుకు చేరాలి, దానికన్నా ముందు కరెంటు తెగకుండా రావాలి. ధర తగ్గించి సరఫరా సరిగా ఇవ్వకపోతే రైతు మిగుల్చుకున్నది డీజిల్‌కే పోతుంది.

"మద్దతు ధర ఉన్న వరి ఎక్కడిదక్కడే ఉంది"

ఇది లెక్క తెలియక అన్న మాట. దశాబ్దానికి పైగా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం ఎగుమతి చేస్తున్నది భారతదేశమే. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికాకు వెళ్లే బియ్యం ఓడలు అందులో భాగమే. అసలు తప్పు వేరే ఉంది. 2023 జూలైలో తెల్ల బియ్యం ఎగుమతిని ఉన్నట్టుండి నిషేధించి, 2024 సెప్టెంబర్ దాకా ఎత్తలేదు. మన మీద ఆధారపడ్డ కొనుగోలుదారు ఆ ఏడాదిలో వేరే దేశం వెతుక్కున్నాడు. ప్రభుత్వాన్ని తప్పుకోమని గట్టిగా అడగాల్సింది అలాంటి చోట.

"న్యూజిలాండ్‌ను చూడండి"

చూద్దాం. 1984లో సబ్సిడీలు ఎత్తేసిన మాట నిజం. కానీ అదే దేశంలో కివీ పండును ఆస్ట్రేలియాకు తప్ప బయటికి పంపే హక్కు చట్టం ద్వారా రైతులే యజమానులైన జెస్ప్రీకి దక్కింది. ఇప్పటికీ ఎగుమతికి ప్రధాన ద్వారం అదే. బంగారు రంగు కివీ రకాలు ప్రభుత్వ పరిశోధన సంస్థ తోటల్లో ఏళ్ల తరబడి ఎంపిక చేస్తే వచ్చినవి. 2010లో పీఎస్‌ఏ అనే బ్యాక్టీరియా తెగులు తోటలను కూల్చినప్పుడు ప్రభుత్వం 2.5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు పెట్టింది, పరిశ్రమ అంతే కలిపింది. తెగులును ఓర్చుకున్న కొత్త రకం అదే పరిశోధన నుంచి వచ్చింది.

చిలీ సాల్మన్ చేపల కథను కూడా ఇదే వాదనకు వాడుతుంటారు. అక్కడ పెద్ద ఎత్తున సాల్మన్ పెంపకం లాభసాటి అని చూపించింది ప్రభుత్వ భాగస్వామ్యంతో 1976లో పుట్టిన ఫండసియోన్ చిలీ సంస్థ. అది సొంతంగా కంపెనీ నడిపి, 1988లో జపాన్ కంపెనీకి అమ్మేసి పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత నిఘా చాలినంత లేక నీటిలో చేపలు పెంచే వల బోనులు ఒకదాన్నొకటి ఆనుకుని పెరిగాయి. 2007లో వైరస్ వచ్చి అట్లాంటిక్ సాల్మన్ దిగుబడి కుప్పకూలింది. నియమాలు ఆ తర్వాత వచ్చాయి.

"తప్పుకుంటే చాలు"

మన దగ్గర ప్రభుత్వం ఇప్పటికే తప్పుకున్న చోట్లున్నాయి. క్వారంటైన్ దాటి వచ్చిన తల్లిని కాదని, ఖర్చు తగ్గుతుందని చెరువులో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడే పాండ్ బ్రూడ్ దందా తనిఖీ లేని చోట సాగుతోంది. ఆ పిల్ల వేసిన చెరువు యాభై రోజులకు ఎదుగుదల ఆగిపోయి, రొయ్యను ఎదగనివ్వని రోగం ఈహెచ్‌పీ బయటపడితే రైతు ఎవరినడుగుతాడు? మందుల షాపుల్లో ప్రోబయోటిక్స్ పేరుతో అమ్మే డబ్బాల్లో ఏముందో చూసే నాథుడు లేడు. ఒక చెరువు రోగపు నీళ్లు మురుగు కాలువలోకి వదిలితే పక్క చెరువు అదే కాలువ నుంచి తోడుకుంటుంది. బ్యాంకు అప్పు పుట్టని కౌలు రైతు మేత డీలర్ దగ్గర అరువు పెట్టి, ఆయన చెప్పినవారికే రొయ్య తూస్తాడు. ఇవన్నీ ఎవరూ అడ్డుపడని మార్కెట్లో జరుగుతున్నవే.

ప్రభుత్వం వచ్చి నిలబడిన చోట ఏమైందో కూడా చెప్పాలి. 2000ల మొదట్లో ఎంపెడా, నాకా అనే ఆసియా దేశాల ఆక్వా సంస్థ కలిసి పశ్చిమ గోదావరి మొగల్తూరులో చిన్న రైతులను ఆక్వా క్లబ్బుగా కూర్చాయి. ఒకే సమయంలో పిల్ల వేయడం, పరీక్ష చేయించిన పిల్లనే కలిసి కొనడం, రోగం వస్తే దాచకుండా చెప్పి నీళ్లు కట్టేయడం లాంటి పద్ధతులు అక్కడ పాటించారు. ఖర్చు తగ్గింది, రోగమూ తగ్గింది. ఆ అనుభవం మీదే 2007లో చిన్న రైతుల సంఘాల కోసం నాక్సా అనే జాతీయ కేంద్రం పుట్టి ఇతర ఊళ్లకు సంఘాలను తీసుకెళ్లింది. దానికి అయిన డబ్బు రాయితీల ముందు లెక్కలోకి రాదు.

ఇప్పుడు కావాల్సింది తల్లి రొయ్యకు పరాయి దేశం మీద ఆధారపడటం తగ్గించుకోవడం. సీబా మన సముద్రంలోనే పుట్టే తెల్ల రొయ్య జాతి జన్యు మెరుగుదల కార్యక్రమం నడుపుతోంది. తరం తర్వాత తరం ఎంపిక చేసుకుంటూ పోవాలి, ఏళ్లు పడుతుంది, మొదట్లో లాభం కనపడదు. ఏ హేచరీ యజమానీ అన్నేళ్లు డబ్బు పోసి కూర్చోడు, కూర్చోమని అడగడం కూడా న్యాయం కాదు. ఆ కార్యక్రమం బడ్జెట్ మధ్యలో తెగకుండా చూడాలి. హేచరీల్లో ముందు చెప్పకుండా తనిఖీలు జరగాలి, పట్టుకున్న పాండ్ బ్రూడ్ వివరాలు బయట పెట్టాలి. కౌలు రైతుకు వర్తించే రొయ్య పంట బీమా రావాలి. చెరువులున్న ప్రతి మండలానికి అందుబాటులో పీసీఆర్ ల్యాబ్ ఉండాలి. జిల్లా మత్స్యశాఖ అధికారి దగ్గరకు వెళ్లేటప్పుడు అర్జీలో ఈ నాలుగూ రాసి తీసుకెళ్లండి.