సవరణ: మెర్ల్ ట్రావిస్ వాడింది రెండు వేళ్లే

అమెరికా గిటారిస్టు మెర్ల్ ట్రావిస్ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. ఆయన బొటనవేలితో పాటు మరో మూడు వేళ్లు వాడేవారన్నాను. కాదు, బొటనవేలు, చూపుడువేలు, అంతే. బొటనవేలు మంద్ర తీగల మీద లయ నడిపిస్తుంటే చూపుడువేలు సన్న తీగల మీద పాట పలికించేది. ఎక్కువ వేళ్లు వాడింది ఇంకో అమెరికా గిటారిస్టు చెట్ అట్కిన్స్. 1930ల చివర్లో, కుర్రతనంలో, సిన్సినాటి రేడియోలో ట్రావిస్‌ను విని, ఒక్క చూపుడువేలితో అంత పలుకుతుందని ఊహించలేక తన పద్ధతి తానే కట్టుకున్నారు. ఒక పొరపాటు ఊహలోంచి ఇంకో గొప్ప బాణీ పుట్టిందంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రెండోది, ఈ బాణీ ట్రావిస్ ఒక్కరి సృష్టి అన్నాను. కెంటకీ రాష్ట్రం మ్యూలెన్‌బర్గ్ కౌంటీ బొగ్గుగనుల సీమలో మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీల దగ్గర ఆయన నేర్చుకున్నారు. వాళ్లకు ముందు కెనడీ జోన్స్, ఆ ప్రాంతపు నల్లజాతి కళాకారుడు ఆర్నాల్డ్ షుల్జ్ ఉన్నారు. 1931లో పోయిన షుల్జ్ వాయిద్యం ఒక్కటీ రికార్డు కాలేదు. అలాంటి మనిషి పేరు నేనూ వదిలేశానని బాధగా ఉంది.

ట్రావిస్ ప్రభావం పెద్దదని రాసింది మాత్రం మార్చను. అట్కిన్స్ కూతురి పేరు మెర్ల్. మరో గిటారిస్టు డాక్ వాట్సన్ కొడుకు పేరూ మెర్లే.