పొలం కాగితం పదిలం, కూలి చిట్టీ పెట్టె అడుగున

నాయిన పోయాక ఇల్లు సర్దుతుంటే, దేవరకొండ దగ్గరి మా ఊరింట్లో అటక మీది ట్రంకు పెట్టె దించాం. ఎకరంన్నర పొలం పాస్‌బుక్కు, పహాణీ నకళ్లు ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా ఉన్నాయి. వాటికి తుప్పు అంటకుండా పెట్టె అడుగున పరిచిన కాగితాలు మాత్రం మా తాతవి. ఒకటి ఉర్దూలో ఉన్న పల్టన్ (సైన్యం) డిశ్చార్జి కాగితం. మిగతావి నాగార్జునసాగర్ కట్ట పనిలో మేస్త్రీ రాసిచ్చిన కూలి చిట్టీలు.

ఉర్దూ తెలిసిన ఒక పెద్దాయన చదివి చెప్పారు. తాత 1350 ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో, పల్టన్‌లో చేరాడట. ఫసలీకి 590 కలిపితే మన లెక్క, అంటే 1940-41. మలయా (ఇవాళ్టి మలేషియా) పోయినట్టూ రాసి ఉంది. 1941 డిసెంబర్ 8న జపాన్ సేనలు మలయాలోని కోట బారు తీరంలో దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది నిజాం సంస్థానపు పదాతి దళం. ఇదంతా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 'పల్టన్ల చేసిండంట' అన్న ఒక్క ముక్కే మిగిలింది.

భూమి కాగితాల కోసం సర్కారు 2017లో రికార్డుల ప్రక్షాళన చేసింది, 2020లో ధరణి పోర్టల్ తెచ్చింది, 2025లో దాని బదులు భూభారతి తెచ్చింది. పట్టాదారు వంశానికి సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు) నుంచి ఇవాళ్టి దాకా వరస ఉంది. మరి గుంట భూమి లేని కూలి మనిషి సంగతి? అతని పేరు రాసి ఉన్నది ఆ చిట్టీ మీదే. సాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసిన నెహ్రూ పేరు పిల్లలందరికీ పాఠం. ఆ రాతి కట్టకు రాళ్లు మోసిన పాలమూరు, నల్లగొండ జనం పేర్లు ఏ పాఠంలో ఉన్నాయి?

'వీటితోని అన్నం వస్తదా?' అని మా చిన్నాయన అడిగాడు. పొలం కాగితమైతే కోర్టులో పనికొస్తుందన్నది నిజమే. కోర్టుకు పనికిరానిదల్లా పొయ్యిలో పెట్టుకుంటూ పోతే, కూలి చేసి బతికిన ఇళ్లలో తాత పేరు దాటి ఏమీ మిగలదు.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులు ఉన్నాయి. అవి సర్కారు రాసుకున్నవి. ఇళ్లలోని పెట్టెల్లో ఉన్నవి కూడా వాటి పక్కకు చేరాలి. మండలానికి ఒక స్కానర్, ఉర్దూ చదివే ఒక మనిషి, నెలకు ఒక రోజు చాలు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది ఇవాళ్టి సంగతి. పాలమూరు లేబర్ ఇంకా ముంబయి, పుణె బస్సు ఎక్కుతూనే ఉంది. వలస కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలని, పని చోటు, కూలి రేటు, కోతలు అందులో అతని భాషలోనూ రాయాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే కాంట్రాక్టరుకు చెప్పింది. ముంబయి పోయొచ్చిన మా ఊరివాళ్లను పదిమందిని అడిగాను. అలాంటి బుక్కు ఒకటి ఉంటుందనే ఎవరూ వినలేదు. తాత చిట్టీలు చూపిస్తే ఒకతను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. 'మా లెక్క మేస్త్రీ ఫోన్ల ఉంటదన్నా, మా దగ్గరేముంటది?' అన్నాడు.