మొదటి పెట్టుబడి కారులో వెళ్ళి చూసొచ్చేంత దూరంలో ఉండాలి

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న మన ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళినా ప్లేట్లు చేతిలోకి రాగానే మొదలయ్యే మాట ఒకటే: ఎక్కడ కొన్నావు, గజం ఎంత పడింది. ఉద్యోగంలో చేరి మూడేళ్ళయి, చేతిలో కాస్త డబ్బు పోగైన కుర్రాళ్ళు నన్ను పక్కకి పిలిచి అడుగుతుంటారు, "అన్నా, మొదటిసారి పెడుతున్నా, హైదరాబాద్‌లో ప్లాటు కొననా, ఇక్కడే ఇల్లు కొని అద్దెకివ్వనా, లేకపోతే పదిమంది కలిసి భూమి కొనే ఆ ల్యాండ్ గ్రూపులో చేరనా" అని. నేను చెప్పేది చాలామందికి నచ్చదు. శనివారం పొద్దున కారు తీస్తే గంటలో చేరి, తలుపు తట్టి, గోడలూ పైకప్పూ చూసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాగలిగేదే మొదట కొనండి. అలాంటిది దొరక్కపోతే డబ్బు బ్యాంకులో ఉంచండి, ఇంకో ఏడాది నేర్చుకోండి.

2015లో నేను ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా చేశాను. వరంగల్ హైవే మీద 200 గజాల ప్లాటు, ఇక్కడి నుంచి ఫోన్లోనే మాట్లాడి తీసుకున్నాను. తెల్ల సున్నం వేసిన హద్దురాళ్ళు, మధ్యలో ముప్పై అడుగుల రోడ్డు, గేటు దగ్గర ఆర్చి, అన్నీ ఫొటోల్లో చూశాను. నా తరఫున సంతకం పెట్టడానికి నాన్న పేరు మీద జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపితే ఆయన ఎండలో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి రిజిస్ట్రేషన్ చేయించారు. ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకున్నాం. 2021లో అమ్ముదామని చూస్తే, కొనడానికి వచ్చినాయన వకీలు లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం చేతులు మారిన పాత కాగితాలు తిరగేసి ఒక్క మాట చెప్పాడు, ముప్పై ఏళ్ళ క్రితం అన్నదమ్ములు కలిసి అమ్మిన కాగితంలో వాళ్ళ చెల్లెలి సంతకం లేదు అని. అప్పటికే ఆవిడ పిల్లలు కోర్టులో భాగం కోసం దావా వేసి ఉన్నారు. ఆ లేఅవుట్‌లో కొన్న మేమందరం ఇప్పుడు ప్రతివాదులం.

ఇందులో ఎవరూ దొంగ డాక్యుమెంటు సృష్టించలేదు. రిజిస్ట్రేషన్ నిజమైనదే, స్టాంపు డ్యూటీ కట్టింది నిజమే. తప్పు ఎక్కడంటే, ఇక్కడ ఇల్లు కొన్న అలవాటుతో అక్కడ స్థలం కొన్నాను. టెక్సస్‌లో ఇల్లు కొంటే మధ్యలో టైటిల్ కంపెనీ ఉంటుంది, పాత రికార్డులన్నీ వాళ్ళే వెతుకుతారు, పాలసీలో మినహాయించని చిక్కు ఏదైనా రేపు బయటపడితే దాని మీద ఇన్సూరెన్స్ ఉంటుంది. ఇండియాలో రిజిస్ట్రేషన్ అంటే ఫలానా తేదీన ఫలానా వాళ్ళు ఈ కాగితం మీద సంతకం పెట్టారు అని ప్రభుత్వం నమోదు చేసుకోవడం, అంతవరకే. అమ్మినవాడికి అసలు అమ్మే హక్కు ఉందా లేదా అన్నది కొనేవాడే తేల్చుకోవాలి. ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన భాగం ఇస్తూ దేశమంతటికీ చట్టం 2005లో వచ్చింది కానీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లోనే తెచ్చింది. కాగితం మీద హక్కు ఉన్నా అక్కచెల్లెళ్ళ సంతకాలు తీసుకోకుండా అమ్మేసిన పొలాలు ఊరూరా ఉన్నాయి, అవే తర్వాత వెంచర్లయ్యాయి. ఆవిడ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్ళు అడిగేది న్యాయమే.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూశాం, క్లియర్‌గా ఉంది అంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. కోర్టు కేసు, ఇంట్లో రాసుకున్న పంపకం కాగితం, రిజిస్టర్ కాని వీలునామా, ఇవేవీ అందులో ఉంటాయని నమ్మకం పెట్టుకోవద్దు. ముప్పై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు మీ డబ్బుతో పెట్టుకున్న వకీలు చదవాలి, వెంచర్ వాళ్ళు చూపించిన వకీలు కాదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, పాతది ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా, లేఅవుట్‌కి ప్రభుత్వ ప్లానింగ్ సంస్థలైన హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి ఉందా, పక్కన చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ ఎక్కడిదాకా వస్తాయి అని అడిగించాలి. 2024లో హైదరాబాద్ చెరువుల ఆక్రమణల్ని తొలగించే హైడ్రా సంస్థ వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టాకే మనలో చాలామందికి ఎఫ్‌టీఎల్ అనే మాట తెలిసింది. ఇవన్నీ అడగగలరా ఫోన్లో, రాత్రి పదకొండింటికి, పొద్దున మీటింగ్ పెట్టుకుని? నేను అడగలేకపోయాను.

ఇక ప్రీ లాంచ్ ఆఫర్లు. మొత్తం డబ్బు ఒకేసారి కట్టేస్తే ఫ్లాటు సగం ధరకి ఇస్తామంటారు. స్థిరాస్తి అమ్మకాల్ని నియంత్రించే రెరా చట్టం 2016లో వచ్చింది. చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టుని రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ రాసుకోకుండా ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. అలాంటప్పుడు రెరా నంబరు రాకముందే నూటికి నూరు శాతం అడుగుతున్నారంటే ఆ ఆఫర్ మొదటి మాటలోనే చట్టం దాటింది. బ్యాంకు అప్పివ్వడానికి భయపడే చోట మన పొదుపు ఎందుకు పెట్టాలి? రెరా నంబరు సరైనదో కాదో ఆ రాష్ట్రం వెబ్‌సైట్లో చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

ఫామ్‌ల్యాండ్ పేరుతో గుంటల్లెక్కన అమ్మేవాళ్ళు మన ఊళ్ళకీ వచ్చి హోటళ్ళలో మీటింగులు పెడుతున్నారు. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారైలు, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డున్నవాళ్ళు ఇండియాలో వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. "అమ్మగారి పేరు మీద పెట్టేద్దాం సార్" అని చాలా తేలిగ్గా అనేస్తారు. అమ్మ పేరు మీద పెడితే అది అమ్మది. రేపు మీ అన్నకీ, అక్కకీ కూడా అందులో భాగం ఉంటుంది, ఆ సంగతి అందరికీ ముందే తెలిసి ఉంటే మంచిదే, తెలియకపోతే అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి.

అమ్మేటప్పుడు ఇంకో సంగతి. ఇండియాలో ఉండేవాళ్ళు 50 లక్షలు, ఆ పైన ధరకి అమ్మితే కొనేవాళ్ళు డబ్బిచ్చేటప్పుడే పన్ను కింద కోసేది 1 శాతం టీడీఎస్. అమ్మేది ఎన్నారై అయితే, రెండేళ్ళకు మించి చేతిలో ఉన్న ఆస్తి మీద 12.5 శాతం, దాని మీద సర్‌ఛార్జి, సెస్సు. ముందుగా ఆదాయపు పన్ను శాఖ దగ్గర తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మామూలుగా లాభం మీద కాకుండా మొత్తం ధర మీదే కోసేస్తారు. రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ అప్పటిదాకా మీ డబ్బు మీ దగ్గర ఉండదు. అక్కడి అద్దె, అక్కడి లాభం ఇక్కడి రిటర్న్‌లో కూడా చూపించాలి.

ఊళ్ళో మనకంటూ ఒక జాగా ఉండాలనే కోరికని నేను తప్పు పట్టను. నాకూ ఉంది. అయితే దాన్ని కోరికగానే కొనండి, ఇల్లు కట్టుకుందామనో, రిటైరయ్యాక పోదామనో. దానికి వేరే లెక్క, వేరే ఓపిక.

ఇక్కడి ఇంటి సంగతికొస్తే, దగ్గర్లో ఉందని ఏదో ఒకటి కొనేయమని నా ఉద్దేశం కాదు. ఒక లెక్క చూడండి. 3 లక్షల 20 వేల డాలర్ల ఇల్లు, 25 శాతం డౌన్‌పేమెంట్ అంటే 80 వేలు, మిగతా 2 లక్షల 40 వేలు 7 శాతం వడ్డీకి ముప్పై ఏళ్ళ లోను. నెలకి దాదాపు 1,600 కిస్తీ. అద్దె 2,300 వస్తుంది, 700 మిగులుతుంది కదా అంటారు. టెక్సస్ ప్రాపర్టీ టాక్స్ 2.2 శాతం వేసుకుంటే నెలకి 585 పైనే. ఇన్సూరెన్స్ 200, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) రుసుము 50. అంతా కలిపితే 2,430 దాటింది, అంటే రిపేర్లు రాకముందే, ఇల్లు ఒక్క నెల కూడా ఖాళీ పడకముందే నెలకి 130 మన జేబులోంచి పోతోంది. పైగా అమ్మేవాళ్ళు చూపించే టాక్స్ బిల్లు వాళ్ళు అందులో ఉంటున్నప్పటి హోమ్‌స్టెడ్ మినహాయింపుతో ఉంటుంది, అద్దెకిచ్చే ఇంటికి ఆ మినహాయింపు ఉండదు. కొత్త ఇళ్ళయితే మొదటి ఏడాది బిల్లు చాలాసార్లు ఖాళీ స్థలం మీదే వేసి ఉంటుంది, మరుసటి ఏడాది చూసి గుండె ఆగినంత పనవుతుంది. ధర పెరుగుతుందిలే అనే ఒక్క ఆశ మీద ఈ లోటు భరించడం మొదటిసారి పెట్టేవాళ్ళు చేయకూడదు. ఇలాంటి ఇళ్ళు ఇరవై చూసి ఇరవైకీ వద్దనుకుంటే ఆ ఇరవై శనివారాలూ వృథా పోయినట్టు కాదు.

2019లో నేను లూయిస్‌విల్‌లో ఒక పాత టౌన్‌హోమ్ కొన్నాను, మా ఇంటికి పాతిక నిమిషాలు. టెక్సస్‌లో ఆప్షన్ పీరియడ్ అని కొద్ది రోజులు ఇస్తారు, చిన్న మొత్తం కట్టి ఆ లోపల ఏ కారణానికైనా వెనక్కి తగ్గొచ్చు. ఆ వారంలో ఇన్‌స్పెక్టర్ వెనకాలే తిరిగాను. ఈ మట్టి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయే బంకమట్టి, ఫౌండేషన్ పగుళ్ళు ఎక్కడ చూడాలో, వడగళ్ళు పడ్డ రూఫ్ ఎలా ఉంటుందో ఆయన చూపించాడు. మొదటి ఆగస్టులోనే ఏసీ పోయింది. లోపల నెలల పిల్లతో ఒక కుటుంబం. ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి రెండు ఫ్యాన్లు ఇచ్చి, మర్నాటికి మనిషిని తెప్పించాను. వాళ్ళు నాలుగేళ్ళు ఉన్నారు, ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి 7 రోజుల్లో తాళాలు మార్చాలని, ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ లెక్క తేల్చాలని, ప్రాపర్టీ టాక్స్ కోసం ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మామూలుగా మే 15 లోపు ప్రొటెస్ట్ వేయాలని, ఇవన్నీ ఆ ఒక్క ఇంటితోనే నేర్చుకున్నాను. అద్దె మిగిలింది కొంచెమే. కానీ రెండో ఇల్లు చూసేటప్పుడు ఏజెంటు చెప్పకముందే నాకు ప్రశ్నలు తెలుసు.

ల్యాండ్ గ్రూపుల గురించి రాయకుండా ఆగలేను. పది పదిహేనుమంది కలిసి ఎల్‌ఎల్‌సీ అనే కంపెనీ పెట్టి డాలస్‌కి ఉత్తరాన సెలైనా, ప్రాస్పర్ అవతల ఎకరాలు కొనడం తప్పేమీ కాదు, చక్కగా నడిపేవాళ్ళూ ఉన్నారు. మన ఇబ్బందల్లా మొహమాటం. అడిగేది గుళ్ళో రోజూ కనిపించే మనిషి, మన పిల్లల డాన్స్ క్లాసు వాళ్ళ నాన్న, ఆయన్ని కాగితాలు చూపించమని ఎలా అడుగుతాం అనుకుని యాభై వేలు పంపేస్తాం. అడగండి. డీడ్ (యాజమాన్య పత్రం) ఎవరి పేరు మీద ఉంది, భూమి మీద లోను ఎంత, మళ్ళీ డబ్బు వేయమంటే వేయలేనివాళ్ళ వాటా ఏమవుతుంది, నడిపేవాళ్ళు ఎంత ఫీజు తీసుకుంటున్నారు, నాకు మధ్యలో డబ్బు కావాల్సి వస్తే దారి ఏమిటి. వ్యవసాయ భూమిగా తక్కువ పన్ను కట్టుకుంటూ వచ్చిన నేలలో ఇళ్ళు కట్టడం మొదలుపెడితే గత 3 ఏళ్ళ తేడా పన్ను కట్టాల్సి వస్తుంది, అది ఎవరు కడతారు? నిజాయతీగా నడిపే మనిషి ఈ ప్రశ్నలకి నొచ్చుకోడు. నొచ్చుకుంటే చెక్కు రాయకండి, స్నేహం స్నేహంగానే ఉంటుంది.

మా ప్లాటు కేసు ఇంకా నడుస్తోంది. ఈసారి జీపీఏ బదులు ఆ ఒక్క ప్లాటుకి, ఆ ఒక్క కేసుకి మాత్రమే పనికొచ్చే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి వేరే మనిషికి ఇచ్చాను. అప్పటిదాకా నాన్న ప్రతి వాయిదాకీ బస్సెక్కి వెళ్ళేవారు, వచ్చేటప్పుడు దారిలో ప్లాటు దగ్గర దిగి, మొలిచిన తుమ్మచెట్లు కొట్టించి ఫొటో పంపేవారు. ఆయనకి ఇప్పుడు డెబ్బై రెండు. ఇంక అక్కడికి వెళ్ళొద్దని చెప్పాను.