బాగుపడి ధర పోగొట్టుకున్న వాల్వ్ యాంప్లిఫైయర్ గారికి

అయ్యా యాంప్లిఫైయర్ గారూ,

నమస్కారం. మీరు క్షేమమేనని తెలుసు. పొద్దునే మీటరు పెట్టి చూశాను. నా క్షేమం సంగతే బాగాలేదు. వెలిగే గాజుగొట్టాలతో, అంటే వాల్వులతో, పాటని పెద్దది చేసే మిమ్మల్ని అమ్మకానికి పెట్టి ఇవాళ్టికి మూడు నెలలు.

నొచ్చుకోనంటే మీ పాత స్థితి ఒకసారి గుర్తుచేస్తాను. స్విచ్ వేస్తే పాటకంటే ముందు హమ్, అదే గుంయిమనే మోత, వచ్చేది, పాట అయిపోయాక కూడా అదే మిగిలేది. కరెంటుని నునుపుచేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయి. పాటని మాత్రమే ముందుకి పంపాల్సిన కప్లింగ్ కండెన్సర్లు లీకై ఔట్‌పుట్ వాల్వుల గ్రిడ్ (లోపల కరెంటుని అదుపుచేసే తీగజాలీ) మీదికి డీసీ పంపుతుంటే, వాటి ప్లేట్లు కొలిమిలో ఇనుములా ఎర్రబడేవి. రెసిస్టర్ల మీది రంగుపట్టీలు ఒక విలువ చెబితే మీటరు ఇంకోటి చెప్పేది. ఎర్త్ వైరు మీ వంశంలోనే లేదు. పైగా ప్లగ్గు పీకేశాక కూడా మూడు నాలుగు వందల వోల్టులు కడుపులో దాచుకునే అలవాటొకటి. ఈ ఆఖరి సంగతి పుస్తకంలో చదివింది కాదు, నా కుడిచెయ్యి మోచేతిదాకా నేర్చుకుంది.

కండెన్సర్లు మార్చాను. గతితప్పిన రెసిస్టర్లు తీసేశాను. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఛాసిస్‌కి ఎర్త్ ఇచ్చాను. ఎక్కడైనా షార్టయితే కరెంటుని అడ్డుకునేలా సీరీస్‌లో బల్బు పెట్టి, ఊపిరి బిగబట్టి మొదటిసారి కరెంటిచ్చాను. పాట లేనప్పుడు వాల్వుల్లో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే బయాస్ సరిచేశాను. ఒక్కో వాల్వునూ పెన్సిలుతో తట్టి, స్పీకర్లో గంటలా మోగినవాటిని పక్కన పెట్టాను. ఆ తర్వాత ఇవన్నీ నిజాయితీగా అమ్మకం ప్రకటనలో రాశాను.

అదే నేను చేసిన తప్పు.

మొదట వచ్చినాయన మిమ్మల్ని తిరగేయించి, అడుగుపలక ఊడదీయించి చూశాడు. "ఒరిజినల్ కండెన్సర్లు లేవా?" అన్నాడు, ఇంట్లో పెద్దాయన పోయినట్టు ముఖం పెట్టి. "చచ్చిపోయినవి అవేనండీ" అన్నాను. "అయినా ఒరిజినల్ కదా!" అన్నాడు. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, హమ్ మాత్రం రాకూడదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి. అదే వారం, మీ మోడలే ఇంకొకటి, "పరీక్షించలేదు, చివరిసారి పెట్టినప్పుడు పనిచేసింది" అన్న రెండు ముక్కలతో, నేనడిగినదానికంటే ఎక్కువకి అమ్ముడైపోయింది. ఆ చివరిసారి ఏ దశాబ్దమో ఎవరూ అడగలేదు. ఫొటోలో దుమ్ము మాత్రం బాగా పడింది. మీకు పట్టిన దుమ్మంతా తుడిచేశానని అప్పుడు బాధ కలిగింది.

ఇంకొకాయన 1906లో లీ డి ఫారెస్ట్ చేసిన ఆడియాన్ అనే తొలినాటి వాల్వు దగ్గర మొదలుపెట్టి అరగంట పాఠం చెప్పాడు. మీ ధ్వనిలో వెచ్చదనమంతా సెకండ్ హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో తోడయ్యే స్వరం) వల్లేనట. మీరు పుష్‌పుల్, అంటే జంట వాల్వుల్లో ఒకటి తోస్తే ఒకటి లాగే రకం కదా, ఔట్‌పుట్ దశలో పుట్టే సెకండ్ హార్మోనిక్ చాలావరకు అక్కడికక్కడే రద్దయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కొనేవాడి భ్రమ అమ్మేవాడి ఆస్తి అనిపించి మింగేశాను. ఆయన కళ్లు మూసుకుని రెండు పాటలు విని, "ఆలోచిస్తాను" అని వెళ్లిపోయాడు. ఇంకా ఆలోచిస్తున్నట్టున్నాడు.

మూడో ఆయనకైతే పాటతో పనే లేదు. చీకట్లో వాల్వులు వెలుగుతుంటే ఫొటో దిగాలి, అంతే. స్పీకరు ఎందుకు, తీసేద్దామన్నాడు. తీసేసి సరదాగా వాల్యూమ్ నాబ్ తిప్పబోయాడు. స్పీకరనే లోడు లేకుండా సిగ్నలిస్తే మీ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఏమయ్యేదో మీకూ నాకూ తెలుసు. మీలో నేను మార్చలేనిదీ, మోయలేనిదీ అదొక్కటే. అడ్డంపడి ఆపాను. ఆయనకి నేను మర్యాద తెలియనివాణ్ణయ్యాను.

ఇక అసలు కబురు. నిన్న వచ్చినాయన బేరమాడి, నేను విడిభాగాలకి పెట్టిన ఖర్చు దగ్గర ఆగాడు. నా శ్రమకి లెక్క అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒప్పుకున్నాను. వాల్వులన్నీ ఊడదీసి విడివిడిగా చుట్టి పెట్టాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ పాత కండెన్సర్లు ఉంటే కవర్లో వేసివ్వండి, ఎప్పుడైనా మళ్లీ పెట్టుకుంటాను" అన్నాడు.

చెత్తడబ్బాలోంచి ఏరి ఇస్తున్నాను. ఆయన ఏదో ఒకరోజు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని మీ అడుగుపలక విప్పుతాడు. ప్లగ్గు పీకాక కూడా వోల్టులు దాచుకునే మీ పాత అలవాటుని బ్లీడర్ రెసిస్టర్ పెట్టి నేనే మాన్పించాను. అనవసరంగా మాన్పించానేమో.

ఇట్లు,
మిమ్మల్ని బాగుచేసినవాడు